నాన్నతో వెళ్ళడానికి బెంగళూరులో లోదీ తోటలాంటి నిశ్శబ్దమైన చోటు ఉందా?

రేనాటి గాలి:

నమస్కారం. మేము కె.ఆర్. పురంలో ఉంటాం. వచ్చే వారం మా నాన్న ప్రొద్దుటూరు నుంచి వస్తున్నారు, పది రోజులు ఉంటారు. ఆయనకు డెబ్బై నాలుగేళ్ళు. ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశారు. మోకాళ్ళు గట్టివే, మెల్లగా గంటసేపు నడవగలరు. ఇబ్బందంతా చెవులతోనే. రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటారు. ఇంట్లో ఎదురుగా కూర్చుని మాట్లాడితే బాగానే వినిపిస్తుంది. జనంలోకి వెళ్ళారంటే హారన్లు, పాటలు, పక్కవాళ్ళ మాటలు అన్నీ కలిసి ఒకే మోతగా తలలో దూరుతాయట. పోయినసారి వచ్చినప్పుడు ఒక పెద్ద మాల్‌కు తీసుకువెళ్ళాను. పది నిమిషాలకే మిషన్లు తీసి జేబులో వేసుకున్నారు. ఆ మధ్యాహ్నమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఫిబ్రవరిలో ఆఫీసు పనిమీద ఢిల్లీ వెళ్ళి, ఒక సాయంత్రం లోదీ తోట చూశాను. 1444లో కట్టిన మహమ్మద్ షా సమాధి పక్కనే గడ్డి మీద దుప్పటి పరుచుకుని ఒకాయన పుస్తకం చదువుకుంటున్నాడు. శీష్ గుంబద్ గోడల మీద నీలి పలకలు అక్కడక్కడా ఇంకా మెరుస్తున్నాయి. సికందర్ లోదీ సమాధి దగ్గర నేనూ ఒక చిలకా తప్ప ఎవరూ లేము. అంత పెద్ద నగరం నడిబొడ్డున, ఐదారు వందల ఏళ్ళ కట్టడాల మధ్య, ఆకులు రాలే చప్పుడు వినిపించింది. నాన్న ఇక్కడ ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

ఆయనకు పాత రాళ్ళంటే ప్రాణం. మాకు దగ్గరలోనే కలమళ్ళ. 575 ప్రాంతంలో వేసిన తొలి తెలుగు శాసనం ఆ ఊరిదే. తరగతి పిల్లలను సైకిళ్ళ మీద అక్కడికి తీసుకువెళ్ళేవారు. బెంగళూరులో అలాంటి చోటు ఏదైనా ఉందా? చెట్లు ఉండాలి, చరిత్ర ఉండాలి, మోత ఉండకూడదు. నేను ఒక పని దినం సెలవు పెట్టగలను.

జయనగరం మల్లె:

లాల్‌బాగ్ అండీ, వేరే ఆలోచనే వద్దు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, దాదాపు 240 ఎకరాలు. గాజు ఇల్లు 1889 నాటిది. నడవలేకపోతే బ్యాటరీ బండి కూడా ఉంటుంది. జనవరిలో, ఆగస్టులో పూల ప్రదర్శన రోజుల్లో మాత్రం వెళ్ళకండి, ఇసుక వేస్తే రాలనంత జనం.

సంపంగి నీడ:

అమ్మా, మీ ప్రశ్న పొద్దున చదివాను. తొందరపడి జవాబు రాయడం ఇష్టంలేక సాయంత్రం దాకా ఆగాను. మాది మదనపల్లె. ఈ నగరంలో ముప్పై ఒక్క ఏళ్ళు బ్యాంకు ఉద్యోగం చేశాను. ఆఫీసు నుంచి కబ్బన్ పార్కుకు పది నిమిషాల నడక. మధ్యాహ్నం డబ్బా ముగించి అక్కడికి వెళ్ళి కూర్చోవడం నాకు ఉద్యోగంలో భాగమైపోయింది. అందువల్ల నేను చెప్పేది ఆ పార్కు గురించే.

ముందు ఒక మాట. లోదీ తోటను పోలిన తోట బెంగళూరులో లేదు. అక్కడ సమాధులు ముందు నుంచీ ఉన్నాయి, వాటి చుట్టూ ఖైర్‌పూర్ అనే ఊరు ఉండేది. ఆ ఊరివాళ్ళను అక్కడి నుంచి లేపి 1936లో తోట వేశారు. మీరు విన్న ఆ నిశ్శబ్దం కోసం కొన్ని కుటుంబాలు ఇళ్ళు వదులుకున్నాయి. ఇది మీ నాన్నగారికి చెప్పండి, చరిత్ర చెప్పినవారు కాబట్టి ఆలోచిస్తారు. మన దగ్గర వరుస తిరగబడింది. 1870లో మైసూరు ప్రభుత్వపు చీఫ్ ఇంజనీరు రిచర్డ్ శాంకీ ముందు తోట వేశాడు. తర్వాత వచ్చినవాళ్ళు తమ తమ గుర్తులను ఒక్కొక్కటిగా దాని అంచుల్లో నిలుపుతూ వచ్చారు. మొదట నూరు ఎకరాలు, ఇప్పుడు దాదాపు 300.

మీకు కె.ఆర్. పురం నుంచి ఊదా రంగు మెట్రో నేరుగా ఉంది, కబ్బన్ పార్కు స్టేషన్‌లో దిగండి. ఆదివారం లోపలికి వాహనాలను రానివ్వరు గానీ, ఆ రోజు సగం నగరం అక్కడే ఉంటుంది. పని దినం పొద్దున్నే వెళ్ళండి. సోమవారం వద్దు, మ్యూజియంకు సెలవు.

కస్తూర్బా రోడ్డు మొదట్లో విక్టోరియా రాణి పాలరాతి విగ్రహం ఉంటుంది. 1906లో ఆవిష్కరించారు. చెక్కింది థామస్ బ్రాక్. లండన్‌లో బకింగ్‌హామ్ భవనం ముందున్న రాణి స్మారకాన్ని చేసినవాడు ఆయనే. బ్రిటిష్ సైన్యం ఉండే దండు ప్రాంతం ఒకవైపు, పాత పేట మరోవైపు ఉన్న రోజుల్లో ఆ రెంటి సరిహద్దులో ఈ విగ్రహాన్ని నిలిపారు. దాని దగ్గర ఎక్కువసేపు నిలబడవద్దు, పక్కనే రోడ్డు, మోత ఎక్కువ. లోపలికి నడిస్తే ఎర్రటి గ్రంథాలయ భవనం వస్తుంది. దివాన్ శేషాద్రి అయ్యర్ పేరున 1915లో కట్టారు, ఆయన విగ్రహం దాని ముందే ఉంది. ఆ వెదురు పొదల నీడలో బెంచీలు ఉన్నాయి. నా ఉద్దేశంలో మొత్తం పార్కులో అంతకంటే నెమ్మదైన చోటు లేదు. అక్కడ అరగంట కూర్చోబెట్టండి. చెట్ల సందుల్లోంచి అఠారా కచేరి కనిపిస్తుంది. 1868లో పద్దెనిమిది ప్రభుత్వ శాఖల కోసం కట్టారు కాబట్టి ఆ పేరు, ఇప్పుడది హైకోర్టు. 1980లలో దాన్ని పడగొట్టాలని తలపెట్టారు. నగర ప్రజలు గట్టిగా అడ్డుపడటంతో నిలిచింది. ఆ ఎరుపు రంగు చూసినప్పుడల్లా ఆ అడ్డుపడినవాళ్ళకు మనసులో దండం పెట్టుకుంటాను.

ఇవన్నీ చూసినా చూడకపోయినా, ఒక్కదాన్ని మాత్రం వదలవద్దు. నేను ఇంత పెద్ద జవాబు రాస్తున్నది దాని కోసమే.

కస్తూర్బా రోడ్డు వైపు ప్రభుత్వ మ్యూజియం ఉంది. 1865లో మొదలైంది, ఇప్పటి భవనం 1877 నాటిది. అందులో ఒక వీరగల్లు ఉంది. మండ్య జిల్లా మద్దూరు దగ్గరి ఆతకూరు నుంచి తెచ్చారు. యుద్ధంలో చనిపోయిన వీరుల కోసం రాళ్ళు నిలపడం మన రాయలసీమ ఊళ్ళలోనూ చూస్తాం. ఈ రాయి ఒక కుక్క కోసం నిలిపినది.

949లో తక్కోలం దగ్గర చోళులకూ రాష్ట్రకూటులకూ పెద్ద యుద్ధం జరిగింది. తక్కోలం అంటే ఇప్పటి అరక్కోణం పక్కనే. రాష్ట్రకూట రాజు మూడవ కృష్ణుడి పక్షాన పోరాడిన గంగ రాజు బూతుగుడు, ఏనుగు మీదున్న చోళ యువరాజు రాజాదిత్యుణ్ణి చంపాడు. బూతుగుడి దగ్గర మణలేరుడు అనే యోధుడు ఉండేవాడు. అతని పరాక్రమానికి మెచ్చిన రాజు ఏం కావాలో కోరుకో అన్నాడు. ఎవరైనా ఊళ్ళు కోరుకుంటారు, బంగారం కోరుకుంటారు. అతను రాజుగారి వేటకుక్క కాళిని ఇమ్మన్నాడు. రాజు ఇచ్చాడు. తర్వాత ఒక పెద్ద అడవిపంది మీదికి కాళిని వదిలారు. రెండూ ఒకదాన్నొకటి చంపుకుని పడిపోయాయి. మణలేరుడు ఆతకూరు శివాలయం ముందు కాళి పేరున రాయి నిలిపి, దానికి పూజ జరగడానికి భూమి ఇచ్చాడు. ఆ భూమి అనుభవించే పూజారి రాయికి పూజ చేయకుండా అన్నం తింటే కుక్క పాపం అతనికి చుట్టుకుంటుందని కూడా చెక్కించాడు.

తక్కోలం యుద్ధం గురించి చరిత్రకారులకు ఆధారమైన శాసనాల్లో ఇదొకటి. ఆ యుద్ధం మాట, కుక్క మరణం మాట ఒకే రాతి మీద ఉన్నాయి. రాయి మీద బొమ్మ చెక్కింది మాత్రం కుక్కకూ పందికీ. నేను మొదటిసారి చూసినప్పుడు మా ఇంటి కుక్క పోయి నెల అయింది. ఆ రాయి ముందు నుంచి కదలలేకపోయాను.

మీ నాన్నగారికి ఇందులో ఇంకొక విశేషం ఉంది. భాష పాత కన్నడం, కానీ ఆ కాలంలో తెలుగుకూ కన్నడానికీ లిపి దాదాపు ఒకటే. నన్నయకు నూరేళ్ళ ముందటి రాయి. ఓపికగా చూస్తే కొన్ని అక్షరాలు మనకు పట్టుబడతాయి. ఒక నోటుపుస్తకం, పెన్సిలు తీసుకువెళ్ళనివ్వండి. రాయిని తాకవద్దు.

చివరగా, అమ్మా, నాకు తోచిన సలహా. ఈ కథను అక్కడ చెప్పాలని చూడకండి. మ్యూజియం గదిలో మీరు గొంతు పెంచుతారు, ఆయనకు సగం వినిపిస్తుంది, సగం కోసం మీ పెదవుల వైపు చూస్తారు, రాయిని చూడటం మానేస్తారు. ముందు రోజు రాత్రి ఇంట్లో ఎదురుగా కూర్చుని, తీరికగా, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పండి. రాయి ముందుకు వెళ్ళాక ఇక వినవలసినది ఏమీ ఉండకూడదు. కళ్ళకు మాత్రమే పని ఉండాలి.

గడ్డిచామంతి:

సంపంగి నీడ గారి చివరి మాట చదివి ఆగలేక రాస్తున్నాను. నేనూ ఎనిమిదేళ్ళుగా చెవి మిషన్లు పెట్టుకుంటున్నదాన్నే. మాకు చెప్పేవాళ్ళు ఎక్కువ, ముందుగా చెప్పేవాళ్ళు తక్కువ. ఎక్కడికి వెళుతున్నామో, ఏం చూస్తామో, ఎంతసేపు ఉంటామో ముందే తెలిస్తే సగం అలసట పోతుంది. వినే మాటను మనసు ముందే ఊహించగలుగుతుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. ఎత్తైన పైకప్పు, రాతి నేల ఉన్న గదుల్లో మాట గోడలకు తగిలి తిరిగి వస్తుంది. మామూలు చెవికి అది తెలియదు, మిషన్‌లో అది ముద్దగా వినిపిస్తుంది. ఒక్క బడి పిల్లల బృందం వచ్చినా చాలు, తట్టుకోవడం కష్టం. మ్యూజియం తలుపులు తీసిన వెంటనే లోపల ఉండేటట్టు చూసుకోండి. పార్కులో బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆయన వీపు రోడ్డు వైపు ఉండాలి, మీరు ఆయన ఎదురుగా, మీ ముఖం మీద వెలుతురు పడేటట్టు కూర్చోవాలి. చెట్టు నీడలో మీ ముఖం చీకటిగా ఉంటే పెదవులు కనిపించవు. ఇంకొకటి, గాలి బలంగా వీస్తే మిషన్‌లో హోరుమంటుంది. అప్పుడు ఆయన తీసేస్తే తీసేయనివ్వండి. మిషన్ తీసినంత మాత్రాన అలిగినట్టు కాదు. మాల్‌లో ఆ రోజు ఆయన చేసింది కూడా విశ్రాంతి తీసుకోవడమే అయి ఉంటుంది. దాని గురించి అంత బాధపడకండి.

జయనగరం మల్లె:

కుక్క రాయి సంగతి నాకు తెలియదు, పదహారేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. తప్పకుండా చూస్తాను. అయినా లాల్‌బాగ్‌ను అంత తేలికగా వదలను. పాత రాళ్ళంటే ప్రాణమన్నారు కదా. లాల్‌బాగ్ గుట్ట వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. దాని మీద, బెంగళూరు కట్టించిన కెంపేగౌడ పేరుతో చిన్న గోపురం ఉంది. నగరం నాలుగు దిక్కులా అలాంటివి నాలుగు ఉన్నాయి, మిగతా మూడు హలసూరు చెరువు దగ్గర, కెంపాంబుధి చెరువు దగ్గర, మేఖ్రీ సర్కిల్ దగ్గర. గుట్ట ఎక్కడానికి మెట్లు కూడా అక్కరలేదు, ఏటవాలు బండ. పొద్దున ఆరున్నరకు వెళితే బండ చల్లగా ఉంటుంది, చెప్పులు విప్పి నడవవచ్చు. తోటలో రాయిగా మారిన చెట్టు మొద్దు కూడా ఉంది, రెండు కోట్ల ఏళ్ళ నాటిది, తిరువక్కరై నుంచి వచ్చింది.

సంపంగి నీడ:

మల్లె గారి మాట నిజం. గుట్ట మీద గాలి మాత్రం ఎక్కువ, గడ్డిచామంతి గారు చెప్పింది గుర్తుపెట్టుకోండి. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. ఒక రోజుకు ఒక తోట.

ఒకటి మరిచాను. మ్యూజియం గదుల్లో అప్పుడప్పుడు మరమ్మతులు జరుగుతుంటాయి, బయలుదేరే ముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. తిండి పొట్లాలు పార్కులో విప్పనివ్వరు, ఇంట్లో తిని వెళ్ళండి. గ్రంథాలయానికి కాస్త దూరంలో, బ్యాండు వేదిక వైపు గుర్రం మీద మార్క్ కబ్బన్ విగ్రహం ఉంటుంది. 1834 నుంచి 1861 దాకా మైసూరు కమిషనరుగా చేసి, స్వదేశానికి వెళుతూ సూయజ్‌లో చనిపోయాడు. పార్కు ఆయన పేరున ఉన్నా, ఆయన విగ్రహం చాలా కాలం హైకోర్టు ముందే ఉండి, 2020లో గానీ లోపలికి రాలేదు. ఈ పార్కుకు 1927లో పెట్టిన పేరు శ్రీ చామరాజేంద్ర పార్కు. మీ నాన్నగారు ఇలాంటివి ఇష్టపడతారని రాస్తున్నాను.

రేనాటి గాలి:

అందరికీ నమస్కారం. బుధవారం వెళ్ళి వచ్చాం. మీరందరూ ఇంత శ్రద్ధగా రాశాక, ఏం జరిగిందో చెప్పకపోతే నాకే నచ్చదు.

మంగళవారం రాత్రి భోజనాలయ్యాక నాన్న ఎదురుగా కూర్చుని కాళి కథ చెప్పాను. రాజు పేరు రెండుసార్లు అడిగారు. కుక్క పేరు ఒక్కసారికే పట్టుకున్నారు. తక్కోలం యుద్ధం గురించి ఆయనకు నాకంటే బాగా తెలుసు, చోళులు ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి చాలా కాలం పట్టిందని నాకే పాఠం చెప్పారు. ఆ యుద్ధపు రాయి మీద కుక్క ఉందని మాత్రం తెలియదన్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్ళి, నా కొడుకు పెట్టెలోంచి పెన్సిలు తీసుకుని చెక్కుకున్నారు.

పొద్దున గ్రంథాలయం ముందు బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నాం. వీపు రోడ్డు వైపు, నా ముఖం వెలుతురులో. ఒక్క మాటకూ నేను గొంతు పెంచలేదు. అమ్మ పోయిన తర్వాత ఆయన నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. ఏం మాట్లాడారో అది మా ఇద్దరి మధ్యే ఉండనివ్వండి.

మ్యూజియం తెరవగానే వెళ్ళాం. ముందే ఫోన్ చేసి కనుక్కున్నాను. రాయి ముందుకు వెళ్ళగానే నాన్న మిషన్లు రెండూ తీసి డబ్బాలో పెట్టి నా చేతికిచ్చారు. వంగి చూశారు, పక్కకు జరిగి చూశారు, కళ్ళజోడు తీసి మళ్ళీ చూశారు. తర్వాత నోటుపుస్తకంలో ఒక్కొక్క అక్షరమే గీయడం మొదలుపెట్టారు. అలా పది నిమిషాలు గడిచాక అక్కడి కాపలా ఆయన ఒక స్టూలు తెచ్చి వేశాడు. కన్నడంలో ఏదో అడిగాడు. నాన్నకు వినిపించలేదు. నేను చెప్పబోయేంతలో నాన్న పుస్తకం ఆయన వైపు తిప్పి చూపించారు. రాతి మీది ఒక అక్షరం, దాని పక్కన తన చేతిరాతతో తెలుగు ‘క’. కాపలా ఆయన కాసేపు చూసి, పెన్సిలు తీసుకుని దాని పక్కనే కన్నడ ‘క’ రాశాడు. నాన్న నవ్వి కింద ఇంకొకటి గీశారు. ఆయనా రాశాడు. అలా ఎనిమిది అక్షరాలు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

బయటికి వచ్చాక మిషన్లు పెట్టుకుని నాన్న అడిగిన మొదటి మాట ఇది: “పందిని కూడా అంత బాగా చెక్కారు గదమ్మా, దానికి పేరెందుకు పెట్టలేదు?” నా దగ్గర జవాబు లేదు. సంపంగి నీడ గారూ, మీకు ఏమైనా తోస్తే చెప్పండి, ఆయన ఇంకా అదే ఆలోచిస్తున్నారు.

మల్లె గారూ, శనివారం పొద్దున లాల్‌బాగ్ గుట్టకు వెళుతున్నాం. అక్కడ అక్షరాలేమీ ఉండవని చెప్పాను. అయినా పెన్సిలు మళ్ళీ చెక్కి పెట్టుకున్నారు.